అడుగుల లెక్క బీమా కంపెనీ చేతిలో పెట్టాలా?

మెట్లదారి:
మా కార్యాలయంలో ఈసారి ఆరోగ్య బీమాతో పాటు కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. మన స్మార్ట్‌వాచీని గానీ ఫోనును గానీ బీమా యాప్‌తో కలపాలి. 10,000 అడుగులు దాటిన ప్రతి రోజుకూ పాయింట్లు పడతాయి, వాటిని బట్టి వచ్చే ఏడాది ప్రీమియంలో రాయితీ ఇస్తారు. బలవంతం ఏమీ లేదు. అయినా మా విభాగంలో కలపనివాడిని నేనొక్కడినే మిగిలాను. అడుగులు లెక్కపెట్టుకోవడం మీద నాకు పేచీ లేదు, నా చేతికీ వాచీ ఉంది. ఆ లెక్కకు డబ్బు ముడిపెట్టడమే తప్పంటాను. కాదనేవారు చెప్పండి.

పొదుపు_సుబ్బన్న:
నేను కాదంటాను. నడిచేది మన కాళ్లే, మిగిలేది మన డబ్బే. ఇందులో తప్పేముంది? డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా కదలని మా ఆవిడ ఈ పాయింట్ల పుణ్యమా అని రాత్రి భోజనమయ్యాక మేడ మీద నడుస్తోంది. తొమ్మిదిన్నరకు లెక్క తక్కువ కనబడితే చెప్పులు వేసుకుని మళ్లీ పైకి వెళ్తుంది. షుగరు ముదిరాక మందుల దుకాణానికి పోసేదాని కంటే ఇది నయం కాదా?

మెట్లదారి:
సుబ్బన్న గారూ, వారు నడవడం మంచిదే. ముందు ఆ 10,000 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. 10,000 ఆ సరుకు పేరులో ఉన్న అంకె, వైద్యులు పరీక్షించి తేల్చినది కాదు. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేల మందికి పైగా మహిళలను గమనించి ఫలితాలు ప్రకటించింది. రోజుకు 2,700 అడుగులు వేసినవారి కంటే 4,400 వేసినవారిలో మరణాలు తక్కువ. 7,500 దగ్గరకు వచ్చేసరికి ఆ మేలు ఇక పెరగలేదు. మరి రోజూ 7,000 నడిచే డెబ్బై ఏళ్ల అత్తగారికి మీ యాప్ ఇచ్చేది సున్నా.

సర్క్యూట్_బోర్డు:
ఈ పరికరాల లోపలి సంగతి కొంచెం తెలిసినవాడిగా ఒక మాట. వాచీకి మీ కాళ్లు కనబడవు. లోపల ఉన్న యాక్సెలరోమీటర్ అనే కదలికలు పసిగట్టే చిప్పు చేతి ఊపులోని లయను పట్టుకుని, దాన్ని అడుగులుగా ఊహిస్తుంది. గుంతల రోడ్డు మీద బండి నడిపితే కూర్చున్నచోటే కొన్ని అడుగులు జమకావచ్చు. సూపర్ బజారులో బండి తోసుకుంటూ అరగంట తిరిగితే చేయి ఊగదు కనుక సగం ఎగిరిపోవచ్చు. గుండె వేగం కొలిచేది అడుగున వెలిగే ఆకుపచ్చ దీపం. రక్తం ఆ రంగును పీల్చుకుంటుంది, తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులే నాడి. నమ్మకం లేకపోతే వాచీని ఒక అరటిపండుకు బిగించి చూడండి. చాలా వాచీలు దానికీ నిమిషానికి ఇన్నిసార్లని గుండె కొట్టిస్తాయి!

అలాగని అంతా బూటకం కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్‌వారు 60 మంది చేతులకు ఏడు రకాల పరికరాలు కట్టి చూస్తే, గుండె వేగంలో ఆరింటికి తేడా 5 శాతం లోపే వచ్చింది. ఖర్చయిన కాలరీల దగ్గరే బండారం బయటపడింది. అన్నింటిలో మెరుగైనదే 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. అందుచేత వాచీ చూపించిన కాలరీల ధైర్యంతో రెండో గారె వైపు చేయి చాచకండి.

డ్రిల్లు_మాస్టారు:
అసలు అడుగులే వ్యాయామమని ఎవరన్నారు? మా కాలంలో పిల్లల చేత దండీలు, బస్కీలు తీయించేవాళ్లం. నడుం మీద చేతులు పెట్టుకుని యాభై బస్కీలు తీసినా ఈ వాచీ దృష్టిలో మీరు నిలబడి ఉన్నట్లే. పొద్దున్నుంచి వంగి నాట్లు వేసే మనిషి శ్రమ ఏ యాప్ ఖాతాలో పడుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది అడుగుల అంకె కాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని. ఆ రెండో సగాన్ని అందరూ మింగేస్తున్నారు.

పొదుపు_సుబ్బన్న:
మాస్టారూ, బస్కీలు తీసేవాడికి వాచీ అక్కర్లేదు. ఇది కదలనివాళ్ల కోసం. 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షను చూడండి. ఇలాంటి పరికరాలు వాడినవారు సగటున రోజుకు సుమారు 1,800 అడుగులు ఎక్కువ నడిచారు.

మెట్లదారి:
అదే సమీక్షలో బరువు తగ్గింది ఒక కిలో మాత్రమే. అంతకుముందు, 2016లో, పిట్స్‌బర్గ్ పరిశోధకులు రెండేళ్లు నడిపిన ప్రయోగం కూడా ఉంది. పరికరం పెట్టుకున్న యువత సగటున 3.5 కిలోలు తగ్గితే, అది లేకుండా తమ వ్యాయామాన్ని తామే నమోదు చేసుకున్నవారు 5.9 కిలోలు తగ్గారు.

కానీ నా అసలు పేచీ వేరు. నాకోసం నేను లెక్క చూసుకుంటే నన్ను నేను మోసం చేసుకోవడంలో లాభం లేదు. డబ్బు వచ్చి చేరగానే లెక్క మారిపోతుంది. మా దగ్గర ఒకాయన ఫోనును మనవరాలి ఉయ్యాలకు కట్టాడు. పాప నిద్రపోయింది, తాతగారి కోటా నిండింది. కార్యాలయంలో అందరికీ తెలుసు, ఆయనను మెచ్చుకుంటున్నారు కూడా.

వేకువ_నర్సు:
విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడుస్తాను, వాచీ కూడా పెట్టుకుంటాను. దాన్ని ఏ బీమా యాప్‌తోనూ కలపలేదు. 2018 జనవరిలో, పరుగులు, నడకలు నమోదు చేసే స్ట్రావా యాప్ పటం గొడవ గుర్తుందా? సైనికులు పరుగెత్తిన దారులన్నీ ఒకే పటం మీద వెలిగేసరికి అఫ్గానిస్తాన్, సిరియాలలోని స్థావరాల ఆనవాళ్లు ప్రపంచానికి కనబడిపోయాయి. అక్కడ ఎవరూ ఏమీ దొంగిలించలేదు, వాళ్లే ఇచ్చారు. మనం ఇచ్చేదీ అడుగులు ఒక్కటే కాదు. ఎన్నింటికి పడుకున్నాం, ఏ వేళకు ఇల్లు విడిచాం, మెట్లెక్కితే గుండె ఎంత కొట్టుకుంది అన్నీ వెళ్తాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగానే వెనక్కి తీసుకోవచ్చంటోంది. కలిపినవారిలో ఎంతమంది ఆ మీట ఎక్కడుందో వెతికారు?

పొదుపు_సుబ్బన్న:
నేను వెతికాను. ఫోను సెట్టింగులలో ఆ యాప్‌కు అడుగులు తప్ప మిగతావన్నీ ఆపేశాను. నిద్ర లేదు, గుండె లేదు, లొకేషన్ లేదు. పాయింట్లు ఎప్పటిలాగే పడుతున్నాయి. ఇప్పుడు చెప్పండి మెట్లదారి గారూ, ఇంకా ఏమిటి అభ్యంతరం?

మెట్లదారి:
మీరు చేసింది తెలివైన పని, మిగతావారూ చేయాలి. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఈ ఏడాది దీన్ని రాయితీ అంటున్నారు. అందరూ కలిపేశాక ఆ తగ్గించిన ధరే మామూలు ధర అవుతుంది. అప్పుడు కలపనివాడు, మోకాళ్లు అరిగి నడవలేనివాడు కట్టేది జరిమానాయే, పేరు వేరైనా సరే.

పొదుపు_సుబ్బన్న:
ఆ మాట పాలసీ పత్రంలో ఎక్కడుందో చూపించండి, మాట్లాడదాం.

డ్రిల్లు_మాస్టారు:
పత్రంలో రాసి చేస్తారా నాయనా?