జెండా మీది చిలుకకు అడవిలో రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న:
కరీబియన్ ద్వీపదేశమైన డొమినికా జెండా నడుమ, ఎర్రని వలయంలో, ఊదారంగు రొమ్ము గల చిలుక ఒకటి ఉంటుంది. దాని పేరు సిస్సరూ. మరే దేశంలోనూ లేని ఈ పక్షి 1961 నాటి రాజముద్రలోనూ, 1978లో స్వాతంత్ర్యంతో వచ్చిన జెండాలోనూ, అక్కడి పౌర పురస్కారం పేరులోనూ ఉంది. అడవిలో మాత్రం సంతానం కనగల పక్షులు యాభై అటూ ఇటూ మిగిలాయని అంచనా. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించినప్పటి నుండి నాకు ఈ సందేహం ఉంది: చిహ్నంగా ప్రకటించినందువల్ల పక్షికి నిజంగా మేలు జరుగుతుందా?

మొదటి సమాధానం:
మేలు జరిగింది గాని, తుపానుల ముందు అది చాలలేదు. సిస్సరూ ముదురు చెట్ల తొర్రలలో గూడు పెట్టి, సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. వాటిలో తరచుగా ఒక్క పిల్లే దక్కుతుంది. ఇంత నిదానంగా పెరిగే జాతి మీద, జెండా ఎగిరి ఏడాదైనా నిండకముందే, 1979 ఆగస్టులో డేవిడ్ తుపాను పడి దక్షిణ భాగపు అడవులను కూల్చివేయడంతో, పక్షులు ప్రధానంగా ఉత్తరాన ఉన్న మోర్న్ డయబ్లోటిన్ పర్వతానికే పరిమితమయ్యాయి. ఆ పర్వతం 2000లో జాతీయ ఉద్యానవనం కావడానికి ముఖ్య కారణం ఈ చిలుకే. 2017 సెప్టెంబరులో వచ్చిన మరియా తుపాను ఆ అడవిని కూడా ఆకు, కాయ లేకుండా చేసింది. అదే దీవిలో ఉండే జాకో చిలుక కింది ఎత్తులలోనూ బతకగలదు కనుక దాని పరిస్థితి ఇంతకంటే మెరుగు.

రెండవ సమాధానం:
పొరుగున ఉన్న సెయింట్ లూసియాను కూడా చూడండి. 1970లలో అక్కడి చిలుకలు వంద చుట్టూ మాత్రమే ఉండేవి. మాంసం కోసం వేటాడేవారు, పెంచుకోవడానికి పట్టేవారు. 1979లో దానిని జాతీయ పక్షిగా ప్రకటించారు, 1980లో వన్యప్రాణి చట్టం తెచ్చారు. అటవీశాఖ, యువ పరిరక్షకుడు పాల్ బట్లర్ కలిసి బడి బడికీ తిరిగి, ఈ పక్షి ఈ దీవి పిల్లలదేనని చెప్పారు. ఇప్పుడు వాటి సంఖ్య వందలు దాటింది. చట్టం, అడవి, ప్రచారం మూడూ ఒకేసారి కదిలినందువల్లే అక్కడ ప్రకటనకు బలం వచ్చిందని నా అభిప్రాయం. మన రామచిలుక సంగతి వేరు. అది అరుదైనది కాదు. అయినా 1972 నాటి చట్టం నిషేధించినా పంజరాలలో అమ్ముతూనే ఉన్నారు కనుక, రాష్ట్ర పక్షి హోదాను ఆ అమ్మకాలను ఆపడానికి వాడుకోవాలి.

మూడవ సమాధానం:
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను, ఒక్క మాట చేర్చాలి. మరియా తుపాను తరువాత, 2018లో, రెండు సిస్సరూలను, కొన్ని జాకో చిలుకలను డొమినికా నుండి జర్మనీలోని ఒక ప్రైవేటు సంస్థకు పంపించారు. పరిరక్షణ సంస్థలు దీనిని బహిరంగంగా వ్యతిరేకించాయి. జాతీయ చిహ్నమైన పక్షి విషయంలో ప్రభుత్వం తీసుకునే నిర్ణయానికి కారణం అడిగే హక్కు ప్రజలకు ఉంటుందని, ఊరూ పేరూ తెలియని పక్షి కోసం ఆ ప్రశ్న లేవడమే కష్టమని నేను నమ్ముతున్నాను. ప్రశ్న అడిగిన వారికి నా సమాధానం ఇదే: చిహ్నం వల్ల పక్షికి దక్కేది ఆ జవాబుదారీతనం, గూటికి కావలసిన తొర్ర మాత్రం ముదురు చెట్లను నరకకుండా నిలిపినప్పుడే దక్కుతుంది.