పెన్షన్ పెరగదు, ఇంటి పన్ను ఆగదు: బెంగళూరులో పెద్దవాళ్లకు ఏమైనా రాయితీ ఉందా?

రామమూర్తినగర్ టీచర్

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. ఇక్కడ బెంగళూరులో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 72. ఆయన పోయాక నాకు వచ్చేది ఈపీఎఫ్ వాళ్ల ఫ్యామిలీ పెన్షన్, డిపాజిట్ల మీద వడ్డీ, అంతే. ఉన్న ఆస్తల్లా ఈ 30×40 ఇల్లే. మేం కొన్నప్పుడు చుట్టూ రాగి చేలు. ఇప్పుడు సైటు ధర చెప్తే నాకే నమ్మబుద్ధి కాదు. కానీ ఆ ధరతో మందుల షాపులో బిల్లు కట్టలేను కదా.

ఏప్రిల్ వచ్చిందంటే టెన్షన్. 5 శాతం తగ్గింపు కావాలంటే ఇంటి పన్ను మొత్తం ఆ నెలలోనే ఒకేసారి కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ కూడా అదే నెల. రెండూ కట్టాక బీపీ, షుగర్ మాత్రలకు చూసుకుని ఖర్చుపెట్టాల్సి వస్తోంది. ఢిల్లీలో సీనియర్ సిటిజన్లకు ఇంటి పన్నులో 30 శాతం తగ్గిస్తారట. ఇక్కడ అలాంటిది ఉందా? 70 దాటినవాళ్ల ఆయుష్మాన్ కార్డు మందులకు పనికొస్తుందా?

హొరమావు సీఏ

టీచర్ గారూ, ఢిల్లీ సంగతి నిజమే. సొంతంగా ఉంటున్న ఒక ఇంటికి, 200 చదరపు మీటర్ల వరకు ఇస్తారు. బెంగళూరులో వయసు చూసి ఇచ్చే తగ్గింపు లేదు. అయితే మీ పాత రశీదు ఒకసారి తీసి చూడండి. ఇల్లు 'సొంత నివాసం' అని ఉందా, 'అద్దె' అని ఉందా? అద్దెకిచ్చిన ఇంటికి పన్ను రేటు రెట్టింపు. పైభాగం ఒకప్పుడు అద్దెకిచ్చి ఇప్పుడు ఖాళీ చేయించినవాళ్లు చాలామంది పాత వివరాలతోనే కట్టేస్తుంటారు.

ఇన్సూరెన్స్ లేని పెద్దవాళ్లు మందుల ఖర్చును ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఏడాదికి 50,000 వరకు ఆదాయం నుంచి తీసేసి చూపించుకోవచ్చంటారు. అది పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకే. మీ ఆదాయానికి అసలు ట్యాక్సే పడదు కాబట్టి దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ప్రీమియం మాత్రం గమనించండి. 2025 జనవరి నుంచి 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలి. ఆ ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కె.ఆర్.పురం నర్సు

అమ్మా, ఆ ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే. ఏడాదికి 5 లక్షల వరకు. నెలనెలా వేసుకునే మాత్రలకు వర్తించదు. చేరే ముందు ఆ ఆసుపత్రి ప్యానెల్‌లో ఉందో లేదో 14555కి ఫోన్ చేసి కనుక్కోండి, గేటు దాకా వెళ్లాక కాదు. మాత్రలకు జన ఔషధి షాపు మంచిది. మీకు ఆంధ్రాలో రేషన్ కార్డు ఇంకా ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ సంగతి కూడా అడగండి. ఆరోగ్యశ్రీగా ఉన్నప్పుడే, 2019 నవంబరులో, బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులకు కూడా దాన్ని విస్తరించారు.

ఇంకొకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెద్దవాళ్లకు వేరే క్యూ ఉండాలని 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలోనే ఉంది. మోకాళ్ల నొప్పులతో నిలబడకండి, ధైర్యంగా అడగండి.

వైట్‌ఫీల్డ్ నాన్న

మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడి చట్టం చెప్తాను. 65 దాటినవాళ్లు తాము ఉంటున్న ఇంటి పన్నును వాయిదా వేసుకోవచ్చు. మాఫీ కాదు, బాకీ అలాగే ఉంటుంది, ఏడాదికి 5 శాతం వడ్డీ పడుతుంది. ఆ ఇంట్లో వాళ్లు ఉన్నంతకాలం ఇల్లు వేలం వేయరు. ఇదికాక, స్కూళ్లకు వెళ్లే పన్ను 65 ఏళ్లు వచ్చిన ఏడాది ఎంతుందో అక్కడ ఆగిపోతుంది. ఇంటికి కొత్తగా గదులు కడితే తప్ప పెరగదు.

రామమూర్తినగర్ టీచర్

వైట్‌ఫీల్డ్ అన్నగారూ, నాకు కావాల్సింది సరిగ్గా ఇదే! నేను మాఫీ అడగడం లేదు. రోడ్డు, చెత్త బండి, వీధి దీపం నేనూ వాడుకుంటున్నాను, పన్ను కట్టాల్సిందే. చేతిలో డబ్బు లేనప్పుడు కట్టమనడమే కష్టం. నా తర్వాత ఇల్లు పిల్లల పేరున రాయించుకోవాలంటే కార్పొరేషన్ ఆస్తి రికార్డులో పేరు, అదే ఖాతా, మార్చుకోక తప్పదు. బాకీ ఎంతుంటే అంతా, వడ్డీతో సహా, అప్పుడు తీసుకోమనండి. ప్రభుత్వానికి పైసా పోదు. నాకు మాత్రలకు డబ్బు మిగులుతుంది. ఈ మాట వార్డు ఆఫీసులో చెప్తే ఉపయోగం ఉంటుందా?

హొరమావు సీఏ

ఉండదండి. వాళ్ల చేతిలో లేదు. భూమి, ఇళ్ల మీద పన్ను రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా కిందికి వస్తుంది, 49వ అంశం. ఇక్కడి ఇంటి పన్ను నిబంధనలున్న 2024 గ్రేటర్ బెంగళూరు పాలన చట్టం చేసింది అసెంబ్లీ, మార్చాల్సిందీ అసెంబ్లీయే. మీ ఎమ్మెల్యేకు రాయండి. ఆదాయ పరిమితి, సొంతంగా ఉంటున్న ఒక్క ఇల్లు అనే షరతులు మీరే పెట్టండి. లేకపోతే నాలుగు ఫ్లాట్లు అద్దెకిచ్చుకునేవాళ్లు కూడా వరుసలో నిలబడతారు.

రామమూర్తినగర్ టీచర్

షరతులు పెడతాను, అది న్యాయం. ఉత్తరం ఈ వారంలోనే రాస్తాను. కన్నడ మాట్లాడతాను గానీ ఆఫీసు కన్నడ రాయడం రాదు. ఎవరైనా సాయం చేస్తారా?

కె.ఆర్.పురం నర్సు

నేను చదువుకున్నది కోలారులో, కన్నడ మీడియం. మీరు తెలుగులో రాసి ఇక్కడ పెట్టండమ్మా, నేను రాసిస్తాను. మా అత్తగారి సంతకం కూడా పెట్టిస్తాను.