ఎకనామిక్స్ పీహెచ్‌డీ: ఊళ్లలో తిరిగి సర్వే చెయ్యాలా, గవర్నమెంట్ డేటాతో సరిపెట్టుకోవాలా?

ఋషికుల్య ఒడ్డు:

నమస్కారం అండి. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, ఛత్రపురం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు థీసిస్ ఇంగ్లీషులో. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది. యూనివర్సిటీ పేరు అడక్కండి.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా. వాటి కోసం ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడి సముద్రంలో వేట మీద నిషేధం పెడతారు. ఏడు నెలలు. అన్నాళ్లూ తీరంలోని మన తెలుగు మత్స్యకార కుటుంబాలకు పొయ్యి ఎలా వెలుగుతోంది, డబ్బు ఎవరి దగ్గర తెస్తున్నారు, ఎవరు చెన్నై వలస పోతున్నారు అన్నది నా టాపిక్. 300 ఇళ్లు సర్వే చేస్తానని సినాప్సిస్‌లో రాశాను.

మొన్న సార్ పిలిచి, "సర్వే మానెయ్యమ్మా. పీఎల్ఎఫ్ఎస్ డేటా దించుకుని కోస్తా జిల్లాల మీద రిగ్రెషన్లు, అదే దేనికి దేనితో సంబంధం ఉందో తేల్చే లెక్కలు, చెయ్యి. ఏడాదిలో రెండు పేపర్లు వచ్చేస్తాయి" అన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, పీఎల్ఎఫ్ఎస్ అంటే కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి చేస్తున్న ఉపాధి సర్వే. అందులో ఒక్కో మనిషి వివరాలున్న ఫైళ్లు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సార్ నా మేలు కోరే చెప్పారు. నాకే మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేసేవారు?

లెక్కల మనిషి:

మీ సార్ మాట వినండి. కాస్త కటువుగా ఉంటుంది గానీ చెబుతాను. థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్లి మన రాష్ట్రాల ఎకనామిక్స్ థీసిస్‌లు ఒక పది తెరవండి. నాలుగో చాప్టర్ అన్నింట్లో ఒక్కలాగే ఉంటుంది. వయసు వారీగా శాతం, కులం వారీగా శాతం, పెంకుటిల్లా డాబానా శాతం, పక్కన రంగురంగుల పై చార్ట్. 300 ఇళ్లు ఎలా ఎంచుకున్నారయ్యా అంటే "రాండమ్" అని ఒక్క మాట. అసలు సంగతేమిటంటే టీ కొట్టు దగ్గర ఎవరు దొరికితే వాళ్లు. ఆ కాగితాలు ఇంకొకడు తీసి సరిచూసే వీలే లేదు.

పీఎల్ఎఫ్ఎస్ అలా కాదు. నేను వేసిన లెక్క తప్పైతే మీరు అదే ఫైలు తెరిచి పట్టుకోగలరు. 2025 జనవరి నుంచి శాంపిల్ కూడా పెంచారు. అంతకుముందు 12,800 ఊళ్లూ పట్టణ బ్లాకులూ తీసుకునేవారు, ఇప్పుడు 22,692. చాలాచోట్ల జిల్లానే యూనిట్‌గా పెట్టుకుని శాంపిల్ తీస్తున్నారు. పైగా ఫెలోషిప్ ఉన్నా ఐదేళ్లే వస్తుంది. సర్వేకే రెండేళ్లు పోతే మిగతాది ఎప్పుడు రాస్తారు?

బరంపురం పాత బస్టాండ్:

22,692 బాగానే ఉంది. దేశంలో ఏడొందల పైచిలుకు జిల్లాలున్నాయి. భాగిస్తే జిల్లాకు ముప్పై దగ్గర. గంజాంలో అస్కా ఉంది, భంజనగర్ ఉంది, బరంపురం టౌన్ ఉంది. ఆ ముప్పైలో ఋషికుల్య నోటి దగ్గరి తెలుగు పల్లె ఒక్కటైనా పడుతుందని మీరు రాసిస్తారా? ఒకవేళ పడినా ఆ ఫైల్లో ఊరి పేరు ఉండదు. తాబేళ్ల నిషేధం అనే కాలమ్ అసలే ఉండదు.

ఇంకోటి. ఇలాంటి సర్వేల్లో ఆరు నెలలకు మించి ఇంటికి దూరంగా ఉండే మనిషిని ఆ ఇంటి లెక్కలో రాయరు. మా మేనమామ కొడుకు సూరత్‌లో మరమగ్గం మీద పని చేస్తాడు. ఏడాదికోసారి వస్తాడు, అదీ రెండేళ్లకోసారి వచ్చే మా బరంపురం జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే ఏడాదైతేనే నమ్మకం. కాబట్టి గంజాంలో వాడు లేడు. సూరత్‌లో ఉన్నాడా అంటే, వాడుండేది మెస్ గదిలో. పగలు షిఫ్టువాడు లేచి వెళ్తే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే చాప మీద పడుకుంటాడు. ఒక్కో షిఫ్టు పన్నెండు గంటలు. సర్వే మనిషి తలుపు కొడితే నిద్ర పాడుచేసుకుని జవాబు చెప్పేదెవరు? 2020 మేలో లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి వలస కూలీల శ్రామిక్ రైళ్లు మన గంజాంలోని జగన్నాథ్‌పూర్ స్టేషన్లో ఆగినప్పుడు జనాన్ని చూసి ఆఫీసర్లే నోరు తెరిచారు. అప్పటిదాకా వాళ్లు ఏ టేబుల్లో ఉన్నారు?

లెక్కల మనిషి:

ఒప్పుకుంటున్నా. అయితే ప్రభుత్వ డేటాలో ఆ ఊళ్లు లేవన్నంత మాత్రాన ఈవిడ చేసే 300 ఇళ్లు సరైనవి అయిపోవు. అది వేరు, ఇది వేరు.

రిటైర్డ్ మాష్టారు:

ఎకనామిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కాస్త పాత కథ చెప్పనివ్వండి. 1915లో గిల్బర్ట్ స్లేటర్ అనే దొర మద్రాసు యూనివర్సిటీకి ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా వచ్చాడు. పుస్తకాలు బట్టీ పెట్టేవాళ్ల చేతిలో ప్రశ్నల కాగితం పెట్టి, మీ సొంత ఊరికే వెళ్లి భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత అని రాసుకురమ్మన్నాడు. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అంటే సర్వే మన డిపార్ట్‌మెంట్లకు కొత్తగా పట్టిన పిచ్చి కాదు, పుట్టుకతో వచ్చింది. మధ్యలో దాన్ని పై చార్టుల పాలు చేశాం. అందులో నా వంతు పాపమూ ఉంది. నా చేతి మీదుగా వెళ్లిన థీసిస్‌లలో నాలుగో చాప్టర్ నేనూ పెద్దగా చదివేవాణ్ణి కాదు.

ఇక శాంపిల్ సంగతి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1975లో ఊళ్లు ఎంచుకుని, ఊరికి 40 ఇళ్లు చొప్పున తీసుకున్నారు. నలభయ్యే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె అందులో ఒకటి. ఆ ఔరేపల్లె, మహారాష్ట్రలోని శిరాపూర్, కన్జారా, ఈ మూడు ఊళ్ల లెక్కలతోనే రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఎకనమిస్ట్ 1994లో ఎకనోమెట్రికా అనే పెద్ద జర్నల్లో పేపర్ వేశాడు. ప్రపంచంలో ఎకనామిక్స్ వాళ్లు దాన్ని ఈనాటికీ చదువుతున్నారు. ఒక ఇంటికి ఆదాయం పోయినా ఆ ఇంటి తిండీ ఖర్చూ అంతగా పడిపోవు, ఊరంతటికీ దెబ్బ తగిలితే అందరికీ పడిపోతాయి అని మోటుగా దాని సారం. చేబదుళ్లు, చుట్టరికాలు, షావుకారు, ఇవన్నీ కలిసి ఒకరి కష్టాన్ని పదిమందికి పంచుతాయన్నమాట.

ఇప్పుడు నీ టాపిక్ చూడమ్మా. తాబేళ్ల నిషేధం ఒక్క ఇంటికి వచ్చే కష్టం కాదు. ఊరి పడవలన్నిటినీ ఒకే రోజు ఒడ్డుకు లాగించేస్తుంది. పక్కింటివాడికి ఇద్దామంటే నీ ఇంట్లోనూ లేదు. మరి ఊరిలోపలి సర్దుబాటు పని చేయనప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? అదీ నీ ప్రశ్న. దీనికి 300 ఇళ్లు అక్కర్లేదు. అయితే ఒక్క మాట. ఇక్రిశాట్ మనుషులు ఆ ఊళ్లలోనే కాపురం ఉండి, ఏళ్ల తరబడి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి రాసుకున్నారు. ఇరవై రోజుల్లో బైక్ మీద తిరిగి వచ్చే సర్వే కాదది.

ఫీల్డ్ బ్యాగ్:

నేను ఎకనామిక్స్ కాదు, డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు సర్వేలకు ప్రశ్నలు అడిగే పని చేశాను. గంజాం తీరంలో ఒక ఊళ్లో జరిగింది చెబుతా.

ఫారం ఒడియాలో ఉంది. అప్పుల సెక్షన్‌లో మొదటి ప్రశ్న, "గత బర్షరే ఋణ నేఇఛన్తి కి?" నేను దాన్ని తెలుగులో, "గత ఏడాది అప్పేమైనా చేశారా?" అని అడిగేవాణ్ణి. మొదటి ఇంట్లో "నేదు బాబూ". రెండో ఇంట్లో "నేదు". పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పదకొండు ఇళ్లు, పదకొండు "లేదు"లు. టిక్కు పెట్టుకుంటూ పోయాను. చేపల మీద బతికే ఊరు, వల కొంటేనే వేలు, ఎవరికీ అప్పు లేదట!

పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు దిగి వెళ్లాను. పొద్దున నాకు "నేదు" చెప్పినామె పడవలో నాలుగు పెద్ద వంజరాలు పడ్డాయి. పక్క పడవ చేపకు వేలం పాట జరుగుతోంది. ఈమె చేప మాత్రం పాటకు వెళ్లలేదు. చేతిలో చిన్న నోటుబుక్కు ఉన్నతను వచ్చి, తూకం వేసుకుని, ఏదో రాసుకుని, ఐసు పెట్టెలో వేసుకుని వెళ్లిపోయాడు. డబ్బు చేతులు మారలేదు. "పాటలో వెయ్యలేదేం?" అని అడిగాను.

"అతగాడు వలకి డబ్బులిచ్చాడు కదా. ఆడికే వెయ్యాల. కేజీకి ముప్పై తక్కువ కడతాడు."

"మరి పొద్దున అప్పు లేదన్నావు?"

"అప్పేటి బాబూ? అప్పంటే వడ్డీ ఉంటాది. దీనికి వడ్డీ నేదు."

తీసుకున్నది నలభై వేలట. రోజుకు పది కేజీలు వేసినా మూడు వందలు తెగుతుంది. నెలకు ఇరవై రోజుల వేట అనుకుంటే ఆరు వేలు. అంటే నూటికి పదిహేను, నెలకి. అసలు ఎక్కడిదక్కడే. మర్నాడు సూపర్వైజర్‌కి చెబితే, ఫారంలో దానికి కోడ్ లేదు, ముందుకు పద అన్నాడు. ఆ పదకొండు టిక్కులూ అలాగే వెళ్లిపోయాయి.

లెక్కల మనిషి:

ఇది చదివి ఆలోచిస్తుంటే టీ చల్లారిపోయింది. 2019లో కేంద్రం చేసిన అప్పులు, ఆస్తుల సర్వే డేటా మీద నేనే పని చేశాను. అందులో వడ్డీ ఎలాంటిది అనే చోట "వడ్డీ లేనిది" అని ఒక కోడ్ ఉంది. ఆమె ఒకవేళ అప్పు అని ఒప్పుకున్నా ఆ కోడ్‌లోనే పడుతుంది. నేను వడ్డీ లేని అప్పులంటే చుట్టాల చేబదుళ్లే అనుకుని పక్కన పెట్టేశాను. అందులో ఎన్ని వంజరాలు ఉన్నాయో.

అయినా నా మాట ఒకటి ఉంచండి. ఫీల్డ్ బ్యాగ్ గారు ఒడ్డుకు దిగకపోతే, ఆ ఊరి సర్వే కూడా "ఎవరికీ అప్పు లేదు" అనే చెప్పేది. ఊరికి వెళ్లినంత మాత్రాన నిజం తెలుస్తుందని లేదు.

పర్లాకిమిడి:

పేపర్ల టెన్షన్ పెట్టుకోకమ్మా. 2016 యూజీసీ రూల్స్‌లో థీసిస్‌కు ముందు పేపర్ వెయ్యాలని ఉండేది. 2022 నవంబర్‌లో కొత్త రూల్స్ వచ్చాయి, ఆ తప్పనిసరి తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత రూల్ ఏమిటో మాత్రం కనుక్కో. ఆరేళ్ల గడువు ఉంది, అమ్మాయిలకు ఇంకో రెండేళ్లు అదనం కూడా ఇవ్వొచ్చు. డబ్బులు కట్టి వారంలో అచ్చేసుకునే జర్నళ్ల జోలికి మాత్రం పోవద్దు. మా కజిన్ ఒకడు అలా మూడు వేశాడు, ఇప్పుడు రెజ్యూమేలో చూపించాలంటే సిగ్గు.

మాష్టారూ, ఆ నాలుగో చాప్టర్ మాట చదివి నవ్వాగలేదండి.

ఋషికుల్య ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సార్ దగ్గరకు వెళ్లి ఫీల్డ్ బ్యాగ్ గారి కథ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "300 వద్దు. 40 ఇళ్లు తీసుకో, ప్రతి నెలా వెళ్లు. పీఎల్ఎఫ్ఎస్ ఒక చాప్టర్ ఉండనీ, కోస్తా జిల్లాల పరిస్థితి చెప్పడానికి" అన్నారు. నిషేధం హద్దు లోపల రెండు ఊళ్లు, బయట రెండు, ఊరికి పదేసి ఇళ్లు. ఇళ్లను టీ కొట్టు దగ్గర కాదు, పడవల జాబితా నుంచి చీటీలు తీసి ఎంచుతాను, లెక్కల మనిషి గారూ. హద్దు లోపలి పడవలు బయటి ఊళ్ల వైపు వేటకు పోతే ఆ పోలిక చెడుతుందని సార్ అన్నారు, దానికి ఇంకా దారి దొరకలేదు.

నవంబర్ 1 లోపే మొదటి రౌండ్ అయిపోవాలి. అప్పు ప్రశ్న తీసేసి ఇలా తెలుగులోనే రాశాను, చూడండి:
ఈ వారం చేప ఎవరికి వేశారు?
కేజీకి ఎంత కట్టారు?
అదే రోజు పాటలో ఆ చేప ఎంతకు పోయింది?

ఫీల్డ్ బ్యాగ్:

బాగుంది. వరస మార్చండి. "ఎవరికి వేశారు" చివర్న పెట్టండి. ముందే షావుకారు పేరు అడిగితే ఆ తర్వాత రేటు ఎవరూ చెప్పరు. ఇంకోటి, పాట రేటు వాళ్లను అడక్కండి, మీరే ఒడ్డున నిలబడి రాసుకోండి. పొద్దున ఐదింటికల్లా ఉండాలి.