పిల్లలతో వచ్చే నల్ల ఎలుగుబంటి: కరెంటు కంచెకు ఆగడం లేదు, సలహా కావాలి

మాది న్యూజెర్సీలోని ససెక్స్ కౌంటీ. రాత్రి పది దాటాక తల్లి ఎలుగుబంటి రెండు పిల్లలతో వచ్చి తేనెపెట్టెలు పడదోసి, చట్రాలు విరిచి, తేనెపట్టును లోపలి పిల్లపురుగులతో సహా నమిలేస్తోంది. చెత్తడబ్బాలు గరాజులో పెట్టాం, పక్షుల గింజలు తీసేశాం, అమోనియా చల్లాం. ఫలితం లేదు.

2022 డిసెంబరులో ఇక్కడ ఎలుగుబంట్ల వేట మళ్లీ మొదలైంది. వాటి సంఖ్య అదుపులో ఉండాలంటే అది అవసరమే అనుకుంటాను. కానీ 75 పౌండ్లలోపు పిల్లలనూ వాటితో తిరిగే తల్లినీ కాల్చకూడదు, అదీ న్యాయమే. బోను పెట్టడం మా చేతిలో లేదు.

ఐదు తీగల కంచెకు 6,000 వోల్టులు వస్తున్నాయి. అయినా కింది తీగ కిందుగా దూరుతోంది. నేల బాగా ఎండి ఉంది, అందుకే షాకు సరిగా తగలడం లేదేమో.

ఇలాంటి ఎండునేలలో ఎలుగును ఆపగలిగినవారు కింది తీగను ఎంత ఎత్తులో కట్టారు, ఎర్తింగ్ ఎలా ఇచ్చారు?