అప్‌డేట్: పశువుల షెడ్డు సబ్ బోర్డు ట్రిప్ సమస్య తీరింది

షెడ్డులో గడ్డి కోసే మిషన్ వేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతోందని అడిగాను కదా, తీరింది. అందరికీ థాంక్స్. షెడ్డు బోర్డులో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉన్నాయేమో చూడమన్నవారి మాటే నిజమైంది. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి విప్పితే న్యూట్రల్, ఎర్త్ వైర్లు బిగించే రెండు బార్ల మధ్య వైరు ముక్క ఉంది. కొంత కరెంటు నేల గుండా తిరిగి వెళ్తోంది. వెళ్లే కరెంటుకీ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటుకీ 30 మిల్లీఆంప్స్ తేడా వస్తే చాలు, ట్రిప్పే.

ఆ ముక్క తీసేసి, ఇంటి నుంచి విడిగా ఎర్త్ వైరు లాగి, షెడ్డు దగ్గర నేలలో పాతిన ఎర్త్ రాడ్డును దానికి కలిపారు. రాడ్డు ఒక్కటే చాలదట: దానికి 20 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటే, ఫేజ్ వైరు మిషన్ బాడీకి తగిలినా 230 వోల్టులకు పారేది 11.5 ఆంప్సే, 32 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే ఆపేసే స్విచ్) పడదు. వింటే భయమేసింది, అమ్మ రోజూ తడి చేతులతో పాలు పితికేది అక్కడే.

కొత్త ఆర్‌సీసీబీ కొనడం అనవసరం. కేబుల్, మోటారు మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పరీక్షలో బాగానే ఉన్నాయి.