అప్‌డేట్: ఇన్‌స్టాగ్రామ్ చూశాక దడ, నిద్రలేమి – కారణం తెలిసింది

తోటివాళ్ల ఉద్యోగాలు, పెళ్లిళ్ల పోస్టులు చూసిన రాత్రి గుండె దడగా ఉంటోంది, నిద్ర పట్టడం లేదని అడిగాను కదా. సైకాలజిస్టును కలవమన్నవాళ్లకు చాలా థాంక్స్. ఆవిడ నాతో వ్యక్తిత్వ ప్రశ్నావళి నింపించారు. వ్యక్తిత్వాన్ని ఐదు ప్రధాన గుణాలుగా చూసే ‘బిగ్ ఫైవ్’ పద్ధతిలో న్యూరాటిసిజం, అంటే తేలిగ్గా ఆందోళన పడే గుణం, నాలో ఎక్కువట. అది జబ్బు కాదని గట్టిగా చెప్పారు. అలాంటివాళ్లు తామేమీ రాయకుండా ఇతరుల పోస్టులే చూస్తూ పోతే, పోల్చుకోవడం ఎక్కువై టెన్షన్ పెరగొచ్చట. నా విషయంలో అక్షరాలా అదే.

కొందరన్నట్టు ఇంట్రోవర్ట్ కావడం కారణం కాదు. 2021లో వచ్చిన లైకుల సంఖ్య దాచే సెట్టింగ్ వల్లా నాకు తేడా రాలేదు. మనసు మెలిపెట్టే అకౌంట్లను మ్యూట్ చేయడం, రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టడం పనిచేశాయి. దడ తగ్గింది, నిద్ర పడుతోంది. కౌన్సెలింగ్ ఇంకా కొనసాగిస్తున్నాను.