గల్లీల్లో టక్‌టక్, స్పీడులో హోరు: నిజంగా బేరింగ్‌లు, షాక్ అబ్జర్బర్లు అన్నీ మార్చాలా?

ప్రశ్న (విజయవాడ):

నమస్కారం అండీ. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2016 మోడల్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్ని వారాలుగా రెండు రకాల శబ్దాలు వస్తున్నాయి.

గల్లీల్లో, చిన్న చిన్న గుంతల్లో 15-20 స్పీడులో వెళ్తుంటే ముందు వైపు నుంచి టక్, టక్ అని ఏదో వదులైనట్టు చప్పుడు. ఎడమ వైపు అనిపిస్తుంది కానీ గట్టిగా చెప్పలేను. హైవే ఎక్కితే అది వినపడదు. అక్కడ ఇంకోటి మొదలవుతుంది. 50 దాటాక ఊఁ అని హోరు, 80 దగ్గర పక్క సీట్లో వాళ్ల మాట కూడా సరిగ్గా వినపడదు.

తెలిసిన గ్యారేజీలో చూపిస్తే ఒక రౌండు నడిపి వచ్చి, నాలుగు షాక్ అబ్జర్బర్లు, ముందు రెండు బేరింగ్‌లు మార్చాలని 28 వేలు ఎస్టిమేట్ రాసిచ్చారు. బండిని జాకీ మీద ఎత్తి కూడా చూడలేదు. వచ్చే నెల పిల్లలతో అన్నవరం వెళ్లాలి, అదీ టెన్షన్. నిజంగా ఇవన్నీ మార్చాల్సిందేనా?

జవాబు (గుంటూరు, పాత మెకానిక్):

రెండు శబ్దాలనీ విడదీసి, ఏది ఎప్పుడు వస్తుందో రాశారు. సగం పని అయిపోయినట్టే. చాలామంది "బండి సౌండ్ వస్తోంది, చూడన్నా" అని తాళాలు చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఆ తర్వాత మెకానిక్‌కి అనుమానం వచ్చినవన్నీ బిల్లులోకి ఎక్కుతాయి.

ముందు డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి, సరిగ్గా బిగించని జాకీ, వీల్ స్పానర్ చేసే చప్పుడు విని సస్పెన్షన్ విప్పించుకున్నవాళ్లని చూశాను. సీట్ల కింద నీళ్ల బాటిళ్లు కూడా తీసేయండి.

ఇప్పుడు టక్‌టక్ సంగతి. ఒక స్పీడ్ బ్రేకర్ చూసుకుని మెల్లగా రెండుసార్లు ఎక్కించండి. మొదటిసారి నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా. రెండోసారి ఏటవాలుగా, ముందు ఒక చక్రం, తర్వాత రెండోది ఎక్కేలా. నిటారుగా ఎక్కినప్పుడు సౌండ్ లేక, ఏటవాలుగా ఎక్కినప్పుడే టక్‌మంటే స్టెబిలైజర్ లింక్ రాడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఎందుకంటే, ముందు రెండు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక స్టెబిలైజర్ బార్ ఉంటుంది, దాని చివర్లని చక్రాల వైపు సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీలే ఈ లింకులు. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలి తిరగదు, లింక్ మీద పెద్దగా లోడ్ పడదు. ఒకటే లేస్తే మెలి పడుతుంది, అరిగిన లింక్ జాయింట్ అప్పుడు కొట్టుకుంటుంది. నిటారుగా ఎక్కినా దిగినా దడ్‌మంటే మాత్రం షాక్ అబ్జర్బర్, దాన్ని పైన బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్, చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌ల వైపు చూడాలి.

హోరుకి మూడు పరీక్షలు. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ ఒక్కసారి న్యూట్రల్ చేయండి. హోరు అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్ లెక్కలోంచి తీసేయొచ్చు. ఇంజిన్ మాత్రం ఆపకండి, స్టీరింగ్, బ్రేక్ రెండూ బరువెక్కుతాయి. తర్వాత పొడవాటి మలుపులో సౌండ్ పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. ఆఖరుగా, తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదకి వెళ్లినప్పుడు హోరు మారుతోందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం, మర్చిపోకండి.

జవాబు (హైదరాబాద్):

స్పీడుతో పెరిగే హోరు అంటే వీల్ బేరింగే బ్రదర్. మా బండికీ సేమ్. రెండూ మార్పించాను, సైలెంట్ అయిపోయింది. ఎక్కువ ఆలోచించకండి.

జవాబు (గుంటూరు):

బేరింగ్ అయి ఉండొచ్చు, కాదనను. కానీ స్పీడుతో పెరగడం ఒక్కటే చూసి తేల్చకూడదు. టైరు హోరు కూడా స్పీడుతోనే పెరుగుతుంది.

బేరింగ్ పోతే మలుపులో తేడా తెలుస్తుంది. బండిని కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, ఎడమ బేరింగ్ పోయి ఉంటే అప్పుడు హోరు పెరుగుతుంది. ఎడమకి తిప్పితే తగ్గుతుంది. కుడి బేరింగ్‌కి సరిగ్గా దీనికి ఎదురు. రోడ్డు మారినా బేరింగ్ సౌండ్ పెద్దగా మారదు. టైరు సౌండ్ మాత్రం రోడ్డుతో పాటు మారిపోతుంది, నున్నటి కొత్త తారు మీదకి రాగానే ఒక్కసారిగా తగ్గుతుంది.

ఇంకో పద్ధతి ఉంది, మా గురువు నేర్పింది. చక్రం గాల్లోకి ఎత్తి, ఒక చేత్తో మెల్లగా తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ కాయిల్ స్ప్రింగ్ మీద పెట్టండి. బేరింగ్ పోయి ఉంటే చెవికి ఏమీ వినపడకపోయినా స్ప్రింగ్‌లో గరగర అరచేతికి తగులుతుంది. మంచి బేరింగ్ అయితే స్ప్రింగ్ నిశ్శబ్దంగా ఉంటుంది. బ్రేక్ ప్యాడ్ రాపిడి కొంచెం ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం తల పెట్టకండి. స్టాండ్ ఉండాలి, మిగతా చక్రాలకి అడ్డం ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:

చూశానండీ. డిక్కీ ఖాళీ చేసినా తేడా లేదు. స్పీడ్ బ్రేకర్ నిటారుగా ఎక్కితే చప్పుడు లేదు, ఏటవాలుగా ఎక్కితే ఎడమ వైపు స్పష్టంగా టక్. న్యూట్రల్‌లో హోరు అలాగే ఉంది. మలుపుల్లో పెద్దగా తేడా తెలియలేదు. కొత్తగా వేసిన తారు రోడ్డు మీద మాత్రం హోరు సగానికి తగ్గింది, మళ్లీ సిమెంటు రోడ్డు రాగానే మొదలు.

ఇప్పుడే గుర్తొచ్చింది. అలైన్‌మెంట్ షాపులో టైర్లు రొటేట్ చేయించాం, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. హోరు ఆ తర్వాతే మొదలైందని మా ఆవిడ అంటోంది.

జవాబు (గుంటూరు):

మేడమ్ గారే అసలు మెకానిక్. ఆ ఒక్క మాటతో కేసు చాలావరకు తేలిపోయింది.

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో వెనక చక్రాల మీద బరువు తక్కువ. వెనక షాక్ అబ్జర్బర్ బలహీనపడితే చక్రం రోడ్డుని గట్టిగా పట్టుకోకుండా చిన్నగా ఎగురుతూ వెళ్తుంది. అందుకని టైరు చుట్టూ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది. వెనక ఉన్నన్నాళ్లూ ఆ సౌండ్ మీకు దూరం. రొటేషన్‌లో అవే టైర్లు ముందుకొచ్చేసరికి సౌండ్ మీ కాళ్ల దగ్గరికి వచ్చింది.

కంటికి కనపడదు, చేత్తో చూడాలి. ముందు టైరు ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి ఆనే గాడుల భాగం మీద, అరచెయ్యి పెట్టి చుట్టుకొలత వెంట ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే అదే. లోపలి అంచు కూడా తడమండి, మనం చూడని చోటే ఎక్కువగా ఉంటుంది. ట్రెడ్‌లో తీగలు బయటపడి ఉండొచ్చు, మెల్లగా.

ఖాయం చేసుకోవడానికి ఆ రెండింటినీ మళ్లీ వెనక్కి వేయించండి. హోరు వెనక్కి వెళ్తే బేరింగ్‌ల డబ్బులు మిగిలినట్టే. టైరుపై బాణం గుర్తు ఉంటే అదే దిశలో తిరిగేలా, అదే పక్కన వేయాలి.

ప్రశ్న (ఖమ్మం):

సార్, మధ్యలో అడుగుతున్నా. మా బండికి రివర్స్ నుంచి ఫస్ట్ గేరులోకి మారి కదలగానే ఒక్క దెబ్బ, దడ్. బ్రేక్ వేసినా అంతే. గుంతల్లో ఏమీ లేదు. ఇది కూడా లింకేనా?

జవాబు (గుంటూరు):

కాదు. బండి ముందుకీ వెనక్కీ ఊగినప్పుడే వస్తోందంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి, ముఖ్యంగా వెనక వైపు పెద్ద బుష్. రబ్బరు చీలి ఉంటుంది. ఇంజిన్ మౌంట్ పోయినా ఇలాగే కొడుతుంది, అదీ చూడమనండి. బుష్ మార్చాక ఆ బోల్టులని చక్రాలు నేల మీద ఉండి బండి బరువు పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి పడి ఉండిపోతుంది, తొందరగా చీలిపోతుంది. చాలా చోట్ల ఈ ఒక్కటీ చేయరు, అడిగి చేయించుకోండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు కటకట వస్తే, ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే సీవీ జాయింట్. అది వేరే కథ. రబ్బరు బూటు చిరిగి చక్రం లోపల గ్రీజు చిమ్మి ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

జవాబు (నెల్లూరు):

అన్నా, చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బేరింగ్ అని మా మెకానిక్ అంటాడు. అది సరైనదేనా?

జవాబు (గుంటూరు):

సగం సరైనది తమ్ముడూ. లోయర్ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ పోయినా పైనా కిందా పట్టుకుంటే ఆడుతుంది. ఒకరిని బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కగానే ఆట పోతే బేరింగ్. ఇంకా ఆడుతుంటే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ఆడితే, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. ఏదైనా సరే, ఆట చేతికి తెలిసేంతగా ఉంటే ఆ బండిని హైవే ఎక్కించకూడదు. శబ్దాల్లో ఇలా భయపడాల్సినవి కొన్నే. వీల్ నట్లు లూజు కావడం కూడా అందులో ఒకటి.

ప్రశ్న అడిగినవారు:

అప్‌డేట్. ఆటోనగర్‌లో ఇంకో మెకానిక్ దగ్గర ర్యాంపు మీద ఎక్కించాం. ఎడమ లింక్ రాడ్‌ని చేత్తో ఊపితే కింది జాయింట్ వదులుగా ఆడింది, దాని బూటు చిరిగి మట్టి చేరింది. ఇక్కడ ఆయన ఒక మాట చెప్పాడు. ఒక్క చక్రమే జాకీ మీద ఎత్తితే బార్ మెలి పడి లింక్ బిగుసుకుంటుందట, ఆట తెలియదట. అందుకే ర్యాంపు మీద చూశాడు. రెండు వైపులా లింకులు వేయించాను, టక్‌టక్ పోయింది. చేయించిన పనుల్లో అన్నిటికన్నా చవకైనది ఇదే.

ముందు టైర్లు తడిమితే మీరు చెప్పినట్టే లోపలి అంచులో పళ్లు. వెనక్కి వేయిస్తే హోరు వెనక సీటుకి వెళ్లింది. పిల్లలే చెప్పారు. వెనక షాక్ అబ్జర్బర్లలో ఒకదానికి ఆయిల్ కారి మట్టి పట్టి ఉంది. వెనక జత మార్చాం. ముందువి బాగానే ఉన్నాయి, ముట్టుకోలేదు. బేరింగ్‌లు కూడా.

టైరు మీద అంకె 3118 ఉంది, అంటే?

జవాబు (గుంటూరు):

2018లో 31వ వారం తయారైందని. ఇలా అరిగిన టైరు షాక్ అబ్జర్బర్ మార్చినా నున్నగా అవ్వదు. వయసు కూడా అయిపోయింది, ఆ రెండూ మార్చేయండి. మొదటి గ్యారేజీ వాళ్లు వెనక షాక్‌ల మాట సరిగ్గానే చెప్పారు, అది ఒప్పుకోవాలి. మిగతాది చూడకుండా రాసినది.

టైర్లు వేశాక అలైన్‌మెంట్ చేయించి, రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోండి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి 50-100 కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి బిగింపించండి. అన్నవరం బయలుదేరే ముందే.

ప్రశ్న అడిగినవారు:

అలాగేనండీ. కొత్త టైర్లు ముందు వేయాలా, వెనకా? షాపులో ముందు వేసి, ముందున్నవి వెనక్కి వేశారు. లాగేది ముందు చక్రాలే కదా అన్నారు.

జవాబు (గుంటూరు):

వెనకే. వానలో ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, స్పీడు తగ్గిస్తే మళ్లీ దారికొస్తుంది. వెనకది జారితే బండి తిరిగిపోతుంది, అలవాటు లేనివాళ్లు ఆపలేరు. ఎక్కువ ట్రెడ్ ఉన్న జత ఎప్పుడూ వెనక.

ప్రశ్న అడిగినవారు:

రేపు ఉదయం వెళ్లి మార్పిస్తాను. నట్లు కూడా అక్కడే చెక్ చేయిస్తా.